పరాయి గడపలో తొలి అడుగు



రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం మా పక్క వీధి వదినగారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ కూతురు నర్సింగు చదివింది. ఒక స్వచ్ఛంద సేవా సంస్థ తరఫున రెండేళ్లు పని చెయ్యడానికి టాంజానియా వెళుతోంది. జీతమని పెద్దగా ఏమీ ఉండదు. తిండికీ, బసకూ సరిపోయే భత్యం ఇస్తారట. "నాలుగు డబ్బులు సంపాదించుకోవలసిన వయసులో, ఊరూ పేరూ తెలియని వాళ్లకు చాకిరీ చెయ్యడానికి పోతానంటుందేమిటండీ!" అని కాసేపు కళ్లొత్తుకున్నారు. ఆ తరువాత అసలు సంగతికి వచ్చారు. "సరే, వెళ్లే పిల్ల ఎలాగూ వెళుతుంది. మీరు రేడియోలో అందరికీ అన్నీ చెబుతారు కదా వదినగారూ, పెట్టెలో ఏమేం సర్దాలో కాస్త చెప్పండి" అన్నారు.

దోమతెర, కందిపొడి, ఆవకాయ సీసా, వేసుకునే మందులు అంటూ వేళ్లు మడిచి చెప్పేశాను. ఆవిడ సంతోషంగా వెళ్లిపోయారు గాని, నాకే తృప్తిగా లేదు. ఆ రాత్రి పడుకున్నాక, ఇవన్నీ వంటింటి సరుకులే కదా, అసలు సర్దవలసింది మరొకటి ఉందే అనిపించింది. అదేమిటో చెప్పాలంటే ముందు మీకు ఒక పెద్దావిడ సంగతి చెప్పాలి.

ఆవిడ పేరు లిలియన్ కార్టర్. అమెరికా అధ్యక్షుడుగా పని చేసిన జిమ్మీ కార్టర్ గారి తల్లి. జార్జియా రాష్ట్రంలో 1898 ఆగస్టు 15న పుట్టారు. తరువాత మనకు పండుగైన రోజది. నర్సుగా పని చేశారు, నలుగురు బిడ్డలను పెంచారు. 1953లో భర్త పోయారు. పిల్లలందరూ ఎవరి సంసారాల్లో వారు పడ్డారు. అప్పుడు ఒకనాడు టెలివిజన్‌లో పీస్ కోర్ వారి ప్రకటన కనిపించింది. పీస్ కోర్ అంటే 1961లో కెనడీ గారు స్థాపించిన సంస్థ. అమెరికావాళ్లను ఇతర దేశాలకు రెండేళ్ల సేవకు పంపిస్తుంది. సేవ చెయ్యడానికి వయసు అడ్డు కాదని ఆ ప్రకటన సారాంశం. ఈవిడ వెంటనే దరఖాస్తు పెట్టేశారు! అప్పటికి ఆవిడకు దాదాపు అరవై ఎనిమిదేళ్లు. ఆ వయసులో మనమైతే మోకాళ్ల నొప్పుల గురించి తప్ప మరో మాట మాట్లాడం. కొడుకు అప్పటికి అధ్యక్షుడు కాదు సుమండీ. ఆ 1966లోనే గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయాడు.

షికాగో విశ్వవిద్యాలయంలో మూడు నెలల శిక్షణ అయ్యాక, 1966 చివర ఆవిడ బొంబాయి చేరారు. నగరం శివార్లలో విఖ్రోలీ అనే చోట గోద్రెజ్ సంస్థ వారి కార్మికుల కాలనీ ఉంది. ఆవిడ పని అక్కడ. మొదట అప్పగించింది ఏమిటో తెలుసా? కుటుంబ నియంత్రణ! అప్పట్లో మన దేశంలో ఆ ప్రచారం ముమ్మరంగా సాగుతోంది. ఆవిడ స్థానంలో మనల్ని ఊహించుకోండి. అరవై ఎనిమిదేళ్ల విధవరాలు, భాష అంతంతమాత్రం, తెల్లటి ముఖం. ముక్కూ మొహం తెలియని ఆలుమగల దగ్గరకు పోయి పిల్లల సంగతి మాట్లాడాలి. మన ఊళ్లో మన భాషలో మనం చెప్పమన్నా నోరు పెగలదే! ఆ పని ఆవిడకూ అంత నచ్చలేదు. చేతిలో ఉన్న విద్య నర్సింగు కదా! చివరకు అక్కడి క్లినిక్‌లో నర్సుగా కుదురుకున్నారు.

అప్పుడే ఆవిడకు అసలు పరీక్ష ఎదురైంది. కుష్ఠువ్యాధి సోకిన ఒక చిన్న పిల్ల క్లినిక్‌కు వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ జబ్బును చూసి లిలియన్ గారు వెనక్కి జరిగారు. సేవ చెయ్యాలని సముద్రాలు దాటి వచ్చిన మనిషే వెనక్కి జరిగారు! ఆ పిల్లకు వైద్యం నువ్వే చెయ్యమన్నారు డాక్టరు గారు. భయపడుతూనే మొదలుపెట్టారు. నెలలు గడిచాయి, పుళ్లు మానాయి, ఆ పిల్ల ఆవిడకు చేరికైపోయింది. చివరకు ఆ పిల్లను దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకోగలిగారు. 1995లో వెలువడిన తన కవితల పుస్తకంలో జిమ్మీ కార్టర్ గారు ఈ సంగతి మీదనే ఒక కవిత రాశారు. ఈనాడు కుష్ఠువ్యాధికి మంచి మందులున్నాయి. పూర్తిగా నయమవుతుంది. ఆ రోజుల్లో జనానికి ఉన్న భయం వేరు.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది ఆవిడ ధైర్యం కాదు. ఆ వెనకడుగే. ఆవిడ దాన్ని దాచుకోలేదు. దాచుకుంటే కొడుక్కి తెలిసేదే కాదు కదా! పరాయి చోట అడుగు పెట్టినవాళ్లకు భయం, బెంగ, చిరాకు, ఒక్కోసారి ఏవగింపు కూడా కలుగుతాయి. కలగలేదని చెప్పుకునేవాళ్లు నేర్చుకోరు. కలిగాయని ఒప్పుకున్నవాళ్లే మర్నాడు మళ్లీ ఆ గడప ఎక్కుతారు.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. కాపురానికి వెళ్లిన ప్రతి ఆడపిల్లకూ అనుభవమే. నా సంగతే చెబుతాను. పెళ్లయిన కొత్తల్లో మావారి ఉద్యోగం పూనాలో. మరాఠీ ఒక్క ముక్క రాదు. శ్రావణ శుక్రవారం నాడు కంద వండుదామని కూరలబండి దగ్గరకు వెళ్లి, "కంద, కంద" అని ఒకటికి రెండుసార్లు గట్టిగా అడిగాను. ఆ కూరలామె సంచి నిండా ఉల్లిపాయలు పోసింది! మరాఠీలో కాందా అంటే ఉల్లిపాయట. నోములనాడు ఇంట్లోకి ఉల్లిపాయ రానివ్వని వంశం మాది. వద్దని చెప్పడానికి మాట రాదు. వీధిలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పక్కింటి పెద్దావిడ చూసి, విషయం కనుక్కుని, పొట్ట పట్టుకుని నవ్వింది. నా చెయ్యి పట్టుకుని బజారుకు తీసుకుపోయి కంద చూపించి "సూరణ్, సూరణ్" అని నాచేత పదిసార్లు అనిపించింది. ఆ వేళ నాకు ఒక మాట వచ్చింది, ఒక అమ్మ దొరికింది.

సేవకు వెళ్లే పిల్లకూ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. మనం ఇవ్వడానికి వెళుతున్నాం అనుకుంటాం. కాని మొదటి రోజుల్లో ఇచ్చేది అక్కడివాళ్లు. దారి చూపేది వాళ్లు, మాట నేర్పేది వాళ్లు, ఏ నీళ్లు తాగాలో చెప్పేది వాళ్లు. మనకు వడ్డించడం బాగా వచ్చు. ఇంకొకరు వడ్డిస్తే నెమ్మదిగా కూర్చుని తినడం మాత్రం రాదు. లేచి లేచి పడుతుంటాం. సేవకు వెళ్లినవారు ముందు నేర్చుకోవలసింది ఆ కూర్చోవడమే. పక్కవారి చెయ్యి అందుకోవడం తెలియని మనిషి అందించే చెయ్యి ఎవరికీ ఆప్యాయంగా అనిపించదు.

పీస్ కోర్ మొదలైన ఏడాదిలోనే, 1961 ఆగస్టు 30న, కొందరు యువతీ యువకులు ఆఫ్రికాలోని ఘనా దేశానికి వెళ్లారు. అక్రా విమానాశ్రయంలో దిగగానే వారు చేసిన మొదటి పని ఏమిటంటే, ఆ దేశపు పాటను అక్కడి ట్వీ భాషలో పాడటం. మేము మీ పాట నేర్చుకుని వచ్చాం అని చెప్పడమే అది. ఎంత మంచి నమస్కారమో చూడండి!

అందుకని మర్నాడు నేనే వదినగారి ఇంటికి వెళ్లి అమ్మాయిని కూర్చోబెట్టుకున్నాను. టాంజానియాలో మాట్లాడేది స్వాహిలీ. తను అప్పటికే పాఠాలు చదువుకుంటోంది. అక్కడ పెద్దవాళ్లు కనబడితే చిన్నవాళ్లు "షికమో" అనాలట. పెద్దవాళ్లు "మరహబా" అని బదులిస్తారట. మన దండం, దీవెన లాగానే ఉంది కదా! టీని "చాయ్" అనీ, చపాతీని "చపాతి" అనీ అంటారని తెలిసి వదినగారి ముఖం విప్పారింది. అయితే నేను ఆ పిల్లను ముందు బట్టీ పట్టమన్న మాటలు రెండే. "సిజుయి" అంటే నాకు తెలియదు. "నిఫుండిషే" అంటే నాకు నేర్పండి. పెట్టెలో బట్టల మీద ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి, రోజుకు ఒక మాట, ఆ మాట నేర్పిన వారి పేరు రాసుకోమన్నాను.

అమ్మాయి వెళ్లి ఇప్పటికి మూడు వారాలైంది. మొదటి వారమంతా ఫోనులో ఏడుపేనట. ఇక్కడ తల్లి, అక్కడ పిల్ల. "వచ్చెయ్యమందామా?" అని వదినగారు రెండుసార్లు నా దగ్గరకు వచ్చారు. ఇంకో వారం చూద్దామన్నాను గాని, లోపల నాకూ గుబులుగానే ఉంది. మొన్న ఆవిడ పరుగులాంటి నడకతో వచ్చారు. అక్కడ మొక్కజొన్న పిండితో ఉగాలి అని చేస్తారు, మన సంకటి లాంటిది. పక్కింటి ముసలమ్మ దాన్ని కెలకడం నేర్పుతోందట. మన పిల్ల గరిటె పట్టుకున్న తీరు చూసి వీధి వీధంతా నవ్వుతోందట. "నవ్వుతున్నారమ్మా" అని పిల్ల కూడా నవ్విందట. "ఇక ఫర్వాలేదండీ" అన్నారు వదినగారు.

లిలియన్ గారు ఇరవై ఒక్క నెలలు పని చేసి, బాగా చిక్కిపోయి, 1968లో ఇంటికి చేరారు. విఖ్రోలీ నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు తరువాత 1977లో పుస్తకంగా వచ్చాయి. 1983లో కన్నుమూశారు. ఆవిడ మునిమనుమడు ఒకరు కూడా అదే పీస్ కోర్‌లో చేరి దక్షిణాఫ్రికా వెళ్లారు. ఆవిడ పెట్టె సర్దుకున్న తీరు ఇంట్లో పిల్లలకు అబ్బిందన్నమాట!

మనలో అందరమూ దేశాలు దాటి వెళ్లలేం. కాని మన వీధిలోకి కొత్తగా వచ్చి, భాష రాక, కూరలబండి దగ్గర బిక్కముఖం వేసుకుని నిలబడే పిల్ల ఎక్కడైనా ఉంటుంది. నవ్వితే నవ్వండి, తప్పు లేదు. నవ్వాక మాత్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బజారుకు తీసుకువెళ్లండి.