ముందు మంజూరు, తర్వాతే చెల్లింపు
(ఆన్‌లైన్‌లో ఫైనాన్స్ పీజీకి దరఖాస్తు చేసేవారి గురించి సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు. అందువల్ల కార్యదర్శి గారు నన్ను పిల్లల చదువుల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను విద్యావేత్తను కాను. ఖజానా కార్యాలయంలో బిల్లులు పరిశీలించి, ఆక్షేపణలు రాసి, 2008లో పదవీ విరమణ చేసిన గుమాస్తాను. కాబట్టి ఆ కళ్ళతోనే ఈ విషయాన్ని చూసి చెబుతాను.

పెన్షనర్ల సభలో ఈ విషయం ఎందుకని మీకు సందేహం రావచ్చు. మన పిల్లలో, కోడళ్ళో, మనవలో ఉద్యోగం చేసుకుంటూనే, లేదా ఇంటి పని చూసుకుంటూనే ఆన్‌లైన్‌లో ఎం.బి.ఎ. ఫైనాన్స్ అనో, ఎం.కాం. అనో చేరతామంటున్నారు. ఫీజు దగ్గరికి వచ్చేసరికి మన గ్రాట్యుటీ ఫిక్సెడ్ డిపాజిట్ గుర్తుకొస్తుంది. రుణమైతే జామీను సంతకం మనదే. సంతకం పెట్టేవాడికి కాగితం చదివే హక్కు ఉంది. హక్కే కాదు, బాధ్యత కూడా.

అసలు ఏమిటీ చదువు?

ఫైనాన్స్ అంటే జమాఖర్చుల పుస్తకం రాయడమని మనలో కొందరి అభిప్రాయం. అది అకౌంట్స్. జరిగిపోయిన ఖర్చుకు లెక్క చెప్పేది అకౌంట్స్ అయితే, రేపటి డబ్బుకు ఇవాళ విలువ కట్టేది ఫైనాన్స్. మనకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. కేంద్ర ప్రభుత్వ కమ్యుటేషన్ పట్టికలో, వచ్చే పుట్టినరోజుకు 61 ఏళ్ళు నిండే ఉద్యోగికి గుణకం 8.194. నెలకు వెయ్యి రూపాయల పెన్షను కమ్యూట్ చేస్తే, వెయ్యిని 12తోను, ఆ వచ్చినదాన్ని 8.194తోను హెచ్చవేయగా రూ.98,328 చేతికి వస్తుంది. 15 ఏళ్ళలో పెన్షనులో కోత పడేది రూ.1,80,000. మనం ఈ రెంటినీ తీసివేసి, "రూ.81,672 ఎక్కువ పట్టుకున్నారు" అంటాం. ఫైనాన్స్ చదివినవారు అలా తీసివేయరు. ఇవాళ చేతికొచ్చిన రూపాయి, పదిహేనో ఏట పోయే రూపాయి ఒకటి కావు గనుక, "ఈ ఒప్పందంలో పడిన వడ్డీ ఎంత?" అని అడుగుతారు. నెలనెలా కోత లెక్కన కడితే అది ఏడాదికి 9 శాతం పైచిలుకు తేలుతుంది. మధ్యలో మనిషి పోతే మిగిలిన కోతను కుటుంబ పెన్షనులో పట్టుకోరు కదా, ఆ రక్షణకు కూడా ఒక విలువ కడతారు. ఆ 9 శాతం న్యాయమా అన్యాయమా అన్నది మరో సమావేశంలో తేల్చుకుందాం. ఆ ప్రశ్న వేయడం నేర్పేదే ఈ చదువు.

ఇందులో కంపెనీల పెట్టుబడి నిర్ణయాలు, షేర్లు, బాండ్లు, నష్టభయం అంచనా, ఆర్థిక పట్టికల విశ్లేషణ, గణాంక శాస్త్రం ఉంటాయి. లెక్కలంటే భయపడేవారు చేరేముందు సిలబస్ ఒకసారి తిరగేయాలి. ఇంకో మాట. ఈ డిగ్రీ ఉన్నంత మాత్రాన ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారం రాదు. దానికి చార్టర్డ్ అకౌంటెంట్ కావలసిందే. ఇది అర్హత, అంతేగాని లైసెన్సు కాదు.

మంజూరు ఉత్తర్వు ఎక్కడుంది?

మన ఆఫీసుల్లో బిల్లు రాగానే మొదట ఏం చూసేవాళ్ళం? మొత్తం కాదు, మంజూరు ఉత్తర్వు. ఎవరు ఇచ్చారు, ఇచ్చే అధికారం వారికి ఉందా, ఏ సంవత్సరానికి ఇచ్చారు? ఆ మూడే ఇక్కడా చూడాలి.

దూరవిద్య మనకు కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన రాష్ట్రంలోనే ఏర్పడింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో వచ్చింది. సర్వీసులో ఉంటూ ఇలాంటి చోట్ల చదివి ప్రమోషన్లు పొందినవారు ఈ సభలోనే ఉన్నారు. ఆన్‌లైన్ విధానం దానికి తర్వాతి మెట్టు. ఈ రెంటికీ కలిపి యూజీసీ 2020లో నిబంధనలు తెచ్చింది. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం, అనుమతి పొందిన కోర్సులో ఆన్‌లైన్‌లో ఇచ్చిన డిగ్రీ, కాలేజీకి వెళ్ళి చదివిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో మళ్ళీ స్పష్టం చేసింది. కాబట్టి "ఆన్‌లైన్ డిగ్రీ చెల్లదు" అనే మాట తప్పు. "ఆన్‌లైన్ డిగ్రీ ఏదైనా చెల్లుతుంది" అనే మాట అంతకంటే పెద్ద తప్పు.

విశ్వవిద్యాలయానికి పేరుంటే చాలదు. ఆ కోర్సుకు, ఆన్‌లైన్ పద్ధతికి, చేరబోయే ఆ విద్యా సంవత్సరానికి అనుమతి ఉండాలి. యూజీసీ దూరవిద్యా విభాగం తన వెబ్‌సైటులో సంవత్సరాల వారీగా జాబితా పెడుతుంది. దూరవిద్య వేరు, ఆన్‌లైన్ వేరు. ఒకదానికి అనుమతి ఉన్నవారికి రెండోదానికి ఉండకపోవచ్చు. పోయిన ఏటి అనుమతి ఈ ఏటికి పనికొస్తుందో లేదో కూడా చూడాలి. పోయిన ఏటి బడ్జెట్ కేటాయింపు మీద ఈ ఏటి బిల్లు పాస్ చేశామా?

ఇలా చూడకపోతే ఏమవుతుందో ఒక తీర్పు చెబుతుంది. అది ఫైనాన్స్‌కు కాదు, ఇంజనీరింగుకు సంబంధించినది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అవసరమైన అనుమతులు లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు, 2001-05 మధ్య చేరినవారి డిగ్రీలను నిలిపివేసి, మళ్ళీ పరీక్ష పాసైతేనే అవి నిలుస్తాయంది. ఆ తర్వాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసింది. పదేళ్ళు దాటాక, ఆ డిగ్రీ మీద ఉద్యోగాలు, ప్రమోషన్లు వచ్చాక జరిగిందిది. రిటైరయ్యాక వచ్చే ఆడిట్ రికవరీ ఎలా ఉంటుందో తెలిసిన మనకు ఆ కుటుంబాల బాధ వేరే చెప్పనక్కరలేదు.

మధ్యవర్తి కంపెనీల సంగతి కూడా చెప్పాలి. పాఠాల వీడియోలు, ప్రచారం వీరు చూస్తారు, డిగ్రీ ఇచ్చేది మాత్రం విశ్వవిద్యాలయం. ఫ్రాంచైజీ పద్ధతిలో కోర్సులు నడపడం నిబంధనలకు విరుద్ధమని 2022లో యూజీసీ హెచ్చరించింది. ఫోన్ చేసేది ఎవరైనా, ఫీజు వెళ్ళే ఖాతా విశ్వవిద్యాలయానిదై ఉండాలి, రసీదు దాని పేరున రావాలి. అలాగే డిగ్రీ వేరు, సర్టిఫికెట్ ప్రోగ్రాం వేరు. సర్టిఫికెట్ పనికిరాదని కాదు. నైపుణ్యానికి అది మంచిదే కావచ్చు. కాని పీజీ అర్హత అడిగిన చోట అది నిలబడదు.

మా ఇంట్లో జరిగిన సంగతి

మా రెండో అమ్మాయి 2006లో బి.కాం. పూర్తి చేసి ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసింది. పిల్లలు పుట్టాక మానేసింది. తొమ్మిదేళ్ళ తర్వాత, "నాన్నగారూ, మళ్ళీ ఉద్యోగానికి వెళితే నా కింద పనిచేసినవాళ్ళ కింద చేరాలి. ఒక పీజీ ఉంటే బాగుంటుందనిపిస్తోంది" అంది. నలభైకి దగ్గరపడుతున్న వయసులో చదువేమిటని ఇంట్లో కొందరన్నారు. నేను అనలేదు. యాభై దాటాక అకౌంట్ టెస్టులు రాసిన వాళ్ళం మనం, ఏ ముఖంతో అంటాం?

ఒక కన్సల్టెంటు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేవాడు. "ఈ రాత్రి పన్నెండుతో రాయితీ అయిపోతుంది, అయిదు వేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి" అని తొందర. ఒకరోజు ఫోన్ నేను తీసుకున్నాను. "నాయనా, మార్చి 31 రాత్రి కూడా మంజూరు లేని బిల్లు పాస్ చేయని ఆఫీసులో పనిచేశాను. అనుమతి పత్రం పంపు, తర్వాత మాట్లాడదాం" అన్నాను. పత్రం రాలేదు, ఫోన్లూ ఆగిపోయాయి. అమ్మాయి యూజీసీ జాబితాలో వెతికి వేరే విశ్వవిద్యాలయం ఎంచుకుంది.

ఆ తర్వాతి చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీ పట్టాలో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు! 2024 సెప్టెంబరు సెషను నుంచి దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని చేరే విద్యార్థి యూజీసీ వెబ్‌సైటులో డెబ్ ఐడీ అనే నంబరు తీసుకోవాలి. దానికి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా కావాలి. ఇవన్నీ ఆధార్‌తో ముడిపడి ఉంటాయి. పేర్లు సరిచేయించుకునేసరికి మూడు వారాలు పట్టింది. మన తెలుగువారి ఇంటిపేర్లతో ఈ ఇబ్బంది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అందుచేత దరఖాస్తు గడువుకు రెండు నెలల ముందే మెమోలు, పట్టా, ఆధార్ బల్లమీద పరిచి పేర్లు, పుట్టిన తేదీలు పోల్చుకోండి. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పుపడితే ఎంత తిరిగామో మరిచిపోలేదు కదా. ఆ డెబ్ ఐడీ కూడా విద్యార్థి స్వయంగా తీసుకోవాలి, పాస్‌వర్డ్ ఏజెంటు చేతిలో పెట్టకూడదు.

దరఖాస్తులో ఈ కోర్సు ఎందుకని అడిగిన చోట ఆమె ముందు పెద్ద పెద్ద మాటలు రాసింది. నేను కొట్టివేసి, "నువ్వు చేసిన పని రాయి, మానేసిన ఏళ్ళు దాచకు, చదివి ఏం చేస్తావో రాయి" అన్నాను. అరపేజీలో వచ్చింది. అది రాసేటప్పుడే తనకు కావలసింది అకౌంట్స్ కాదు, బ్యాంకు రుణాల పరిశీలన విభాగమని ఆమెకు తేలింది. ఆ జవాబు విశ్వవిద్యాలయానికంటే రాసేవారికే ఎక్కువ అవసరం. ఆ అరపేజీ రాయలేనివారు ఫీజు కట్టడం ఒక ఏడాది వాయిదా వేసుకోవడం మంచిది.

ఫీజు, వాయిదాలు, జామీను

"వడ్డీ లేని వాయిదాలు" అనే మాట వినగానే కాగితం, పెన్సిలు తీయండి. ఊహకు, ఫీజు రూ.1,20,000 అనుకుందాం. ఒకేసారి కడితే రూ.12,000 తగ్గింపు. వాయిదాలైతే నెలకు రూ.5,000 చొప్పున 24 నెలలు, వడ్డీ లేదంటారు. కాని ఒకేసారి కట్టేవారికి ఆ చదువు ధర రూ.1,08,000. అంటే మనం తీసుకున్న అప్పు లక్షా ఎనిమిది వేలు, తీర్చేది లక్షా ఇరవై వేలు. ఆ వడ్డీ ఏడాదికి 10 శాతం దాటుతుంది. తీసుకోవద్దని నేను అనను, లేదన్న వడ్డీ ఉందని తెలిసి తీసుకోండి.

రెండోది, ఆ వాయిదాలు చాలాసార్లు ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. చదువు మానేసినా అప్పు మానదు. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే ఇటువంటి రుణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు అందులో ఉంటుంది. డిజిటల్ రుణమైతే, మనసు మార్చుకుని అపరాధ రుసుము లేకుండా అసలు, అన్నిరోజుల ఖర్చు కట్టి బయటపడటానికి కనీసం ఒక రోజు గడువివ్వాలి. ఆ పత్రం చూడకుండా సహ రుణగ్రహీతగా సంతకం పెట్టకండి. వాయిదా తప్పితే మన పేరు కూడా చెడుతుంది, రేపు వైద్యానికి అప్పు కావలసినప్పుడు అది అడ్డొస్తుంది.

ఫీజు వాపసు నిబంధన, పరీక్ష ఫీజు వేరుగా ఉందా, పరీక్ష ఎక్కడ, ఎలా రాయాలన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. మార్కుల్లో కనీసం 70 శాతం చివరి పరీక్షలకే ఉంటుంది కనుక, ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తే పట్టా వచ్చేస్తుందనే భ్రమ వద్దు. రోజుకు గంటన్నర, రెండు గంటలు కావాలి. మన వంతు సాయం డబ్బు ఒక్కటే కాదు. చదువుకునే కోడలికో, కూతురికో ఆ రెండు గంటలు మనవల్ని మనం చూసుకుంటే, అది ఫీజుకు తక్కువ సాయమేమీ కాదు. మా అమ్మాయి ఇప్పుడు రెండో సెమిస్టరులో ఉంది. పిల్లల హోంవర్కు నా బాధ్యత, వంటింట్లో సాయంత్రం కాఫీ మా అల్లుడి బాధ్యత.

సోదరులారా, మనం సర్వీసులో ఉండగా ప్రభుత్వ ధనాన్ని రూపాయి రూపాయికీ లెక్క చూసి కాపాడాం. ఆ శ్రద్ధ మన పిల్లల రెండేళ్ళ కాలానికీ, మన డిపాజిట్‌కూ చూపడానికి కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. చదువుకుంటామన్నవారిని వయసు పేరు చెప్పి ఆపవద్దు, తొందరపెట్టేవారి మాట విని తోయనూ వద్దు. కార్యదర్శి గారు అనుమతిస్తే నెలలో ఒక పూట సంఘం కార్యాలయంలో నేను కూర్చుంటాను. దరఖాస్తు కాగితాలు, రుణ పత్రాలు తీసుకురండి. కలిసి చదువుదాం. మనలో బిల్లులు చూసిన కళ్ళు ఇంకా చాలానే ఉన్నాయి.