చుట్టాలకు తొలి గ్లాసు మజ్జిగే
(మహిళా పాడి సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పొద్దున్నే పాలన్నీ సంఘానికి పోసి, సాయంత్రం సీమంతానికి వచ్చిన చుట్టాలకు రంగునీళ్ల సీసాలు తెప్పించడం మర్యాద అయి కూర్చుంది. పాలడబ్బు సీసాలపాలవుతోంది! ముందురోజు ఒక్క లీటరు గేదెపాలు ఉంచుకుని తోడు వేయండి. మర్నాడు ఆ పెరుగు చిలికి, వెన్న తీసి, 3 లీటర్ల నీళ్లు కలిపితే దాదాపు 20 చిన్న గ్లాసుల మజ్జిగ. ఉప్పు, దంచిన అల్లం, ఒక పచ్చిమిర్చి, నలిపిన కరివేపాకు వేసి, అరగంట ఊరనిచ్చి వడకట్టండి. నిమ్మరసం పిండేది ఇచ్చే ముందే. రక్తపోటు ఉన్న పెద్దలకు ఉప్పు వేయనిది వేరుగా ఉంచాలి.

నీళ్లు కాచి చల్లార్చినవే వాడాలి. బజారు ఐసుగడ్డ మజ్జిగలో వేయవద్దు, అది ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు. తొట్టిలో ఐసు పోసి అందులో గిన్నె కూర్చోబెట్టండి. కొత్తకుండ ఉంటే అదీ అక్కర్లేదు. కళాయి లేని ఇత్తడి బిందెలో మాత్రం పోయకండి, పులుపుకు చిలుమెక్కుతుంది.

చలికాలమైతే బెల్లంపాలు ఇవ్వవచ్చు. బెల్లం పొయ్యి మీద వేస్తే పాలు విరుగుతాయి, దించి కాస్త చల్లారాక కలపండి.

అన్నట్టు, ఆ తీసిన వెన్న పిల్లలకు పెట్టండి. దాన్ని కూడా అమ్మేయకండి!