సింగపూరు బీరు – మా నాలుగు గ్లాసుల పరీక్ష

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట బీరు గురించి ప్రసంగమేమిటని కొందరు పెద్దలు నొసలు ముడిచారని మాకు తెలుసు. వారి కోపం అన్యాయమని మేము అనము. కాని ఒక విన్నపం. ఈ ఉదయం మనమందరం పిల్లల అరచేతిలో ఉగాది పచ్చడి పెట్టి, వేపపువ్వు చేదు తగిలినా ఉమ్మేయకుండా రుచి చూడమని చెప్పాము. మేము ఆరుగురు మిత్రులం చేసిన ఈ చిన్న పరీక్ష కూడా ఒక చేదును గురించినదే.

ముందు కొంచెం చరిత్ర. 1931లో హైనెకెన్, ఫ్రేజర్ అండ్ నీవ్ సంస్థలు కలిసి మలయన్ బ్రూవరీస్ అనే కంపెనీని స్థాపించాయి. 1932లో అలెగ్జాండ్రా రోడ్డులోని కర్మాగారం నుంచి టైగర్ బీరు వెలువడింది. జర్మనుల పెట్టుబడితో ఆ ప్రాంతంలోనే వెలసిన ఆర్చిపెలాగో బ్రూవరీ కంపెనీ యాంకర్ బీరుతో పోటీకి దిగింది. యుద్ధం వచ్చాక, 1941లో, ఆ పోటీదారును మలయన్ బ్రూవరీసే కొనివేసింది. అలా పులి, లంగరు ఒకే ఇంటివయ్యాయి. యాంకర్‌పాయింట్ అంగళ్లకు వెళ్లే మన పిల్లలకు ఆ పేరు ఎక్కడిదో తెలియకపోవచ్చు. అది ఆ పాత కర్మాగారం మిగిల్చిన గురుతు. 1990లో కంపెనీ ఏషియా పసిఫిక్ బ్రూవరీస్ అని పేరు మార్చుకుని తువాస్‌కు తరలింది. 2012లో హైనెకెన్ వశమైంది. టైగర్ ప్రకటన వాక్యాన్నే ఆంథొనీ బర్జెస్ 1956లో తన మలయా నవలకు పేరుగా పెట్టుకున్నాడంటే ఆ సీసా ఈ నేలలో ఎంతగా పాతుకుపోయిందో ఊహించవచ్చు.

అయితే మన తాతల సీసా అది కాదు. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చిన కూలీలకు బీరు దొరల పానీయం. వారికి అందినది కల్లు. ఎస్టేటుల్లోను, పట్టణంలోను కల్లు దుకాణాలుండేవి. జీతం రోజు సాయంత్రం ఆ దుకాణాల ముందు ఏం జరిగేదో ఇక్కడున్న పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. ఆ జ్ఞాపకం వల్లనే మన ఇళ్లలో మద్యం మాట ఎత్తకూడనిదైంది. మాట ఎత్తలేదు గనుక తాగుడు ఆగిందా? లేదు. పెద్దలు చూడకుండా, మెట్ల కింద నిలబడి గబగబా గొంతులో పోసుకునే అలవాటుగా మారింది. దాచి తాగేవాడికి రుచితో పనిలేదు, లెక్క కూడా ఉండదు.

అందుకని మేము తలుపు తెరిచిపెట్టి, కొలత ప్రకారం, రుచి చూసి మార్కులు వేయాలని నిశ్చయించాము. పోసేవారు తాగనివారై ఉండాలి. మాలో ఒకరి పిన్నిగారిని బతిమాలాము. ఆమె తండ్రి రేవులో పనిచేసేవాడు. జీతం రోజున తల్లితో కలిసి సందు మొగలో ఆయన కోసం కాచుకుని నిలుచున్న పిల్ల ఆమె. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నేను పోసినంతే తాగాలి, మిగిలింది తొట్టిలో పారబోస్తాను, సరేనా?" అన్నారు. సరేనన్నాము.

టైగర్, యాంకర్, బారన్స్, ఏబిసి స్టౌట్ అని నాలుగు రకాలు, ఒక్కొక్కటి ఒక్క డబ్బా. మనిషికి రకానికి 50 మిల్లీలీటర్లు, నాలుగూ కలిపితే 200. పిన్నిగారు వంటింట్లో పోసి, గ్లాసుల కింద అంకెలు రాసి పంపారు. ఏ అంకె ఏదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. సబ్బు మరక ఉంటే నురగ నిలవదు గనుక గ్లాసులు మంచినీళ్లతో రెండుసార్లు కడిగారు. మన ఊరి అలవాటు ప్రకారం మంచుగడ్డ వేయలేదు. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, గడ్డ కరిగితే రుచి పలచబడుతుంది. రంగు, నురగలకు 10, వాసనకు 10, రుచికి 20, మింగిన తరువాత నాలుకపై నిలిచేదానికి 10, మొత్తం 50 మార్కులు.

ఏ రుచి ఎక్కడిదో కూడా ముందే చెప్పుకున్నాము. మన తల్లులు పసిపిల్లల జావకు రాగులు మొలకెత్తించి ఎండబెట్టినట్లే బీరుకు బార్లీని మొలకెత్తించి ఎండబెడతారు. అదే మాల్టు, తీపి దానిది. ఆ రసంలో హాప్స్ అనే తీగ పూలు వేసి మరిగిస్తారు. చేదు వాటిది. చల్లార్చి ఈస్టు కలిపితే అది తీపిని తిని సారాన్ని, బుడగలను ఇస్తుంది. మాల్టును నల్లగా వేయిస్తే స్టౌట్‌కు ఆ రంగు, కాఫీ వంటి మాడు రుచి వస్తాయి.

ఇక ఫలితాలు. సగటున ఏబిసి స్టౌట్‌కు 39, టైగర్‌కు 36, యాంకర్‌కు 35, బారన్స్‌కు 27. స్టౌట్‌లో మాడిన బెల్లం వాసన, కాఫీ చేదు, చివర కొంచెం వగరు ఉన్నాయని అందరమూ ఒప్పుకున్నాము. ఏబిసి అన్న మూడక్షరాలు ఆ పాత ఆర్చిపెలాగో కంపెనీవేనని తెలిసి కొందరు ఆశ్చర్యపోయారు. అది 8 శాతం సారం గలది, 5 శాతం గల టైగర్ వంటిది కాదు. రుచికి మొదటిదైనా జాగ్రత్తకూ మొదటిదే. బారన్స్ ఘాటు మిగతా రుచులను మింగివేసిందని మాకు తోచింది.

అసలు వింత వేరే ఉంది. ముప్పై ఏళ్లుగా టైగర్ తప్ప ముట్టనని ప్రతిజ్ఞ చేసిన మా మిత్రుడు యాంకర్‌కు రెండు మార్కులు ఎక్కువ వేసి, ఇదే నా టైగర్ అన్నాడు. ఆరుగురిలో నలుగురం ఆ రెండింటినీ తారుమారు చేశాము. ఇన్నేళ్లూ తాగినది బీరునా, చీటీనా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము.

పిన్నిగారు నల్ల గ్లాసు ఎత్తి వాసన మాత్రం చూశారు. "మా నాన్న ఏనాడైనా ఇంత నెమ్మదిగా తాగి ఉంటే, అది ఎలా ఉంటుందో మాకూ చెప్పేవాడు" అన్నారు. ఆపైన మిగిలినదంతా తొట్టిలో పారబోశారు. ఎవరమూ అడ్డు చెప్పలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడినప్పుడు వారు పోరాడినది రుచి మీద కాదు, ఇల్లు మునగడం మీద. మేము ఆ స్త్రీల పక్షమే. తాగనివారికి ఏ లోటూ లేదని మా నిశ్చితాభిప్రాయం. ఈ దేశపు చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లలకు ఈ మాటలు వినడానికే గాని చేయడానికి కావు. తాగే పెద్దలకు మాత్రం ఒక్కటే మనవి: ఇంట్లోవారికి చెప్పలేని గ్లాసు ఎత్తకండి. కొలిచి పోసుకోండి, నాలుకతో తాగండి, రుచి పోయిన చోట ఆపండి.

వేపపువ్వును మన పెద్దలు చిటికెడే వేశారు. చేదుకు ఎంత చోటివ్వాలో వారికి తెలుసు.