పారిపోవటం విశ్వాసి లక్షణం కాదు

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

సోదరులారా! రాయవరం చుట్టుపక్కల దారులు మీరెరిగినవే. ఒక పక్క కాలువ, మరో పక్క చేలు. కోతల కాలంలో సగం రోడ్డు ధాన్యానిదే. ఇలాంటి దారిలో పోలీసులు ఆపమనగానే బండి వేగం పెంచి తప్పించుకోవటాన్ని కొందరు యువకులు మగతనమనుకుంటున్నారు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే జరిమానా 1,000 రూపాయలు, లైసెన్సు లేకపోతే 5,000 రూపాయలు. ఆ సొమ్ము కోసం తన ప్రాణాన్నీ ఎదుటివాని ప్రాణాన్నీ పణంగా పెట్టటం వివేకమా? మన చేతులతో మనల్ని వినాశంలోకి నెట్టుకోరాదని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో వారించింది. పిల్లవాడికి బండి ఇచ్చే తండ్రులు కూడా వినాలి. మైనరు నేరం చేస్తే సంరక్షకునికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి.

ఇంతకంటే ఘోరమైనది, మనిషిని ఢీకొని పారిపోవటం. మరణానికి కారకుడై, సమాచారం ఇవ్వకుండా పారిపోయేవానికి పదేళ్ళ వరకు శిక్ష విధించే నిబంధన భారతీయ న్యాయ సంహితలో చేరినప్పుడు, 2024 జనవరిలో దేశమంతటా లారీ డ్రైవర్లు ఆందోళన చేశారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనాన్ని మీరు చూసే ఉంటారు. ఆ ఏడాది జూలై 1న సంహిత అమలులోకి వచ్చినా, ఆ నిబంధనను మాత్రం పక్కన పెట్టారు.

ఆగితే జనం కొట్టి చంపుతారన్న డ్రైవరు సోదరుల భయం అబద్ధం కాదు. మోటారు వాహనాల చట్టం కూడా ఆ భయాన్ని గుర్తించింది. గుంపు ఆగ్రహం వల్ల గాయపడినవానికి వైద్యం అందించలేకపోతే దాన్ని తప్పు పట్టదు. కానీ పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యత అప్పటికీ తీరదు. ప్రాణభయంతో ఠాణాకు వెళ్ళటం వేరు, చీకట్లో కలిసిపోవటం వేరు.

ఎందుకంటే పారిపోయినవాడు ఒక కుటుంబం హక్కును కూడా తీసుకుపోతాడు. ఢీకొన్న వాహనమేదో తెలియకపోతే మృతుని వారసులకు ప్రభుత్వ పథకం కింద దక్కేది 2 లక్షల రూపాయలే. వాహనం తెలిస్తే ట్రిబ్యునల్ ద్వారా బీమా సంస్థ నుండి న్యాయమైన పరిహారం కోరవచ్చు. పొరపాటున ప్రాణం తీసినా రక్తపరిహారం, ప్రాయశ్చిత్తం తప్పవని నిసా సూరా చెబుతోంది. ఇది హఖ్ఖుల్ ఇబాద్, దాసుల హక్కు. నమాజులు, ఉపవాసాలు దీన్ని చెరిపివేయవు. హక్కుదారుడు క్షమించాలి, లేదా దాన్ని అతనికి చెల్లించాలి.

హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజియల్లాహు అన్హు)ను గుర్తు చేసుకోండి. తబూక్ ప్రయాణానికి వెళ్ళక వెనుక ఉండిపోయినవారు ఎందరో సాకులు చెప్పి తప్పించుకున్నారు. ఆయన మాత్రం ప్రవక్త సన్నిధిలో కూర్చుని, తనకు ఏ సాకూ లేదని ఒప్పుకున్నారు. యాభై రోజుల పాటు ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. ఆ తరువాత ఆయన తౌబా అంగీకరించబడినట్లు ఖుర్ఆన్ వాక్యాలే అవతరించాయి. నిలబడి నిజం చెప్పినందుకు లభించిన గౌరవమది.

కనుక సోదరులారా! ఆపమంటే ఆగండి. ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయండి, ఠాణాకు తెలపండి. చేరి కొట్టేవారిలో మీరు ఉండకండి. కొట్టేవారుంటే ఆపండి. మనం భద్రత కల్పించినప్పుడే తప్పు చేసినవాడు ఆగి నిలబడగలడు.

పోలీసు నుండి తప్పించుకోవచ్చు, ప్రళయ దినాన అల్లాహ్ నుండి తప్పించుకునే దారి లేదు. తప్పును ఒప్పుకునే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.