మిత్రుని పనికి వెల

మన రాయలసీమలో డబ్బును 'లెక్క' అనుట వాడుక. చేతిలో లెక్క లేదనినచో పైకము లేదని అర్థము. ఇచ్చుకొను పైకమునకును, వేసికొను గణనమునకును ఒకే మాట చెల్లుచున్నది. పరాయివాడు పని చేసినప్పుడు ఈ రెండును చక్కగా కలిసియే యుండును. అతడు ఇంత యనును, మనము కొంత తగ్గింతుము, పని ముగియును. మిత్రుడు పని చేసినప్పుడే చిక్కు. అప్పుడు పైకమిచ్చుటకు మొగమాటము, లెక్క వేయుటకు సంకోచము. ఈ చిక్కులో మేమొకసారి పడితిమి గనుక, దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయ దలచితిమి.

శ్రీకాళహస్తికి సమీపమున మాకు కొంచెము మాగాణి కలదు. బావికి అయిదు హార్సుపవరు మోటారు అమర్చి, వరి పండించుచున్నాము. పైరు పొట్టమీద నున్న దినములలో ఒకనాడు ఆ మోటారు పెద్ద రొద చేసి, వేడెక్కి, నిలిచిపోయెను. ఒక పనివాడు వచ్చి చూచి, లోపలి తీగచుట్టు కాలినదనియు, క్రొత్తగా చుట్టింపవలెననియు, అందుకు నాలుగు దినములు పట్టుననియు చెప్పెను. ఆ దశలో నాలుగు దినములు నీరు తప్పినచో వెన్నులు తాలుపోవునని రైతులకు మేము చెప్పనక్కరలేదు.

మా బాల్యమిత్రుడొకడు ఊరి చివర చిన్న లేతు షెడ్డు నడుపుచున్నాడు. అతనికి కబురంపితిమి. అతడు వచ్చి, ముందుగా మెగ్గరుతో తీగచుట్టును పరీక్షించెను, అది చెడలేదు. పిమ్మట మోటారును క్షణకాలము నడిపించి, స్క్రూడ్రైవరు మొనను దాని పెంకుపై ఆనించి, పిడిని చెవిదగ్గర పెట్టుకొని వినెను. బేరింగు అరిగిపోయినదని తేల్చెను. అంతటితో ఊరకుండక, అది యేల అరిగెనో కూడ వెదకెను. మోటారు ఇరుసును పంపు ఇరుసును ఒక వరుసలో లేవు. "బేరింగు మార్చి ఊరుకుంటే మూడు నెలలకు మళ్లా పోతుందన్నా" అని, కాళ్ళ క్రింద సన్నని రేకుముక్కలు పెట్టి, రెండు ఇరుసులను సరిచేసి బిగించెను. సాయంకాలమునకు కాలువలో నీరు పారెను.

బేరింగు వెలతో పాటు కొంత పైకము అతని చేతిలో పెట్టబోతిమి. బేరింగు వెల మాత్రము తీసికొని, "ఉండనీన్నా, లెక్క యాడికి పోతుంది!" అని వెడలిపోయెను. మేమును మరల అడుగలేదు. నిజము చెప్పవలెనన్న, లోలోపల సంతోషించితిమి కూడ.

కొన్ని నెలలకు స్టార్టరు చెడెను. ఉచితముగా చేసినవానిని మరల పిలుచుట ఎట్లని సిగ్గుపడి, వేరొకని పిలిపించితిమి. ఈ సంగతి మిత్రునికి తెలిసెను. గుడివీధిలో ఎదురుపడి, "నన్నెందుకు పిలవలేదన్నా? నా పని బాగలేదా?" అని అడిగెను. మాకు నోట మాట రాలేదు. అటుపిమ్మట అతని కుమారుని వలన మరియొక సంగతి తెలిసెను. మా బావికి వచ్చిన దినమున లేతుమీద ఒక ట్రాక్టరు ఇరుసు ఉండెనట. సాయంకాలమునకు ఇత్తునని మాట ఇచ్చి, ఇయ్యలేక, మరునాడు వెల తగ్గించి ఇచ్చెనట. మాకు మిగిలినదని సంతోషించిన పైకము అతని యింటినుండి పోయినదన్నమాట.

ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. వేతనము ముందుగా మాటలాడుకొననిచో ఏమి చేయవలెనో కౌటిల్యుని అర్థశాస్త్రమే విధించినది. సేద్యగానికి పంటలో, పశువుల కాపరికి నేతిలో, వర్తకుని పనివానికి సరుకులో పదవ వంతు చెల్లునని అందున్నది. శిల్పులకు, వైద్యులకు, అట్టి ఇతరులకు మాత్రము వంతు చెప్పలేదు. అట్టి పనివారు ఇతరత్ర పొందునంత గాని, నేర్పరులు నిర్ణయించినంత గాని ఈయవలెనని చెప్పినది. పంటను రాశిపోసి కొలువవచ్చును; నేర్పును రాశిపోయుట ఎట్లు? ఆ నేర్పు తెలిసినవారే దాని వెల చెప్పవలెను.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 70వ సెక్షను కూడ ఈ దారినే నడిచినది. ఒకడు ఉచితముగా చేయవలెనను తలంపు లేక, న్యాయముగా మరియొకనికై పని చేసి, ఆ రెండవవాడు దాని ఫలమును అనుభవించినచో, ప్రతిఫలమీయ వలసినదే. అయితే ఆ తలంపు మిత్రులు పైకి చెప్పుకొనరు. "ఉండనీ" అన్న మాటకు 'వద్దు' అని అర్థమో, 'తరువాత' అని అర్థమో చట్టము చెప్పజాలదు.

మన పల్లెలలో పూర్వము ఈ మొగమాటమునకు ఒక మందు కలదు. నాగలి చెక్కిన వడ్రంగికి, కఱ్ఱు సాగదీసిన కమ్మరికి, పంట నూర్చినప్పుడు కళ్ళములోనే మేర కొలిచెడివారు. ఆ పద్ధతిలో లోపములు లేకపోలేదు. కొలత పాత్ర రైతు చేతిలోనే యుండెడిది. ఐనను, పనికి ప్రతిఫలము కలదనుట అందరెరిగిన మాట. ఇచ్చుట అవమానము గాదు, పుచ్చుకొనుట పరాయితనము గాదు. మోటారు బాగుచేయువానికి అట్టి మేర ఏర్పడలేదు. కనుక ఆచారము చెప్పవలసిన మాటను మనమే నోరు విప్పి చెప్పవలెను.

ఆ మాట పని ముగిసిన పిమ్మటగాక, పనిముట్ల సంచి విప్పకముందే చెప్పవలెను. ఇదే పనికి పరాయివాని వద్ద ఎంత పుచ్చుకొందువని అడుగవలెను. ఆ లెక్కలో నాలుగు పాళ్ళున్నవి: వస్తువుల వెల, పట్టిన కాలము, పనిముట్ల అరుగుదల, నేర్పు. మా మిత్రుడు రోగమును కనుగొన్నది కొన్ని నిమిషములలో; ఆ నిమిషములకు వెనుక ఎన్నియో ఏండ్ల వినికిడి కలదు. త్వరగా చేసినాడని తక్కువ ఇచ్చుట, నేర్చుకొన్నందుకు జరిమానా వేయుటయే. అట్లని తీగచుట్టునకు కాదగిన ఖర్చంతయు మిగిలినది గనుక, దానినంతను ఇచ్చివేయనక్కరలేదు. అతడు ఇతరుల వద్ద పుచ్చుకొనునదే కొలమానము.

స్నేహముచేత తగ్గింపు ఉండరాదా? ఉండవచ్చును. కాని తగ్గించుట అతని హక్కు. తగ్గుననుకొనుట మన హక్కు గాదు. రొక్కము ససేమిరా పుచ్చుకొననిచో, దానికి సమానమైన బరువు గలది మరొక రూపమున చేరవలెను. పలహారముతో సరిపెట్టుట తగదు.

చివరకు మేమే అతని షెడ్డునకు పోయి, "నీ లెక్కపుస్తకం తియ్యి తమ్ముడూ, ఆ దినము వేరేవాళ్ళ బావికి పోయుంటే ఏమి రాసుందువో అది రాయి" అని కోరితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, వ్రాసెను. వ్రాసిన మొత్తములో నాలుగవ వంతు తానే కొట్టివేసి, "ఇది నా ఇష్టమన్నా, దీనికి మాత్రం అడ్డం చెప్పొద్దు" అనెను. మేము అడ్డు చెప్పలేదు. మిగిలినది చెల్లించితిమి.

ఇప్పుడు మోటారు గొంతు మారిన మరుక్షణమే అతనిని పిలుచుచున్నాము. పిలుచుటకు మాకు సిగ్గు లేదు. వచ్చుటకు అతనికి నష్టము లేదు.