రాత్రివేళ గాలము వేయువారికి



ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఒడ్డున నిలిచి కెరటములలోనికి గాలము విసరువారితో నేడు మేము రెండు మాటలు చెప్పదలచినాము. సొరలు, టేకుచేపలు పెక్కు చీకటి పడగనే మేతకై ఒడ్డుదాపునకు వచ్చును. సొరకు వెలుతురుతో పని లేదు. ఎర వాసనను అది పసిగట్టును. చిన్న చేపల దేహములలో పుట్టు స్వల్పమైన విద్యుత్తును గూడ దాని ముట్టెపైనున్న సూక్ష్మరంధ్రములు గ్రహించును. మనకు అట్టి శక్తి లేదు. తాడు బిగిసినంతనే ఏమి పడినదో చూడక లాగుదుము. చిక్కంతయు అచ్చటనే యున్నది.

మొదట మన పాదముల మాట. టేకుచేప ఇసుక కప్పుకొని పడియుండును. దాని తోకపై రంపపుపండ్లు గల విషపుముల్లు కలదు. కావున నీటిలో అడుగులెత్తి వేయక, పాదములను ఇసుకలో ఈడ్చుచు నడువవలెను. ఆ అలికిడికి చేప తొలగిపోవును. ముల్లు కాలికి గ్రుచ్చుకొన్నచో గాయమును కడిగి, ఓర్చుకొనగల వేడినీటిలో అరగంట మొదలు గంటన్నర వరకు ఉంచవలెను. బాధ తగ్గును. నీటి వేడిని ముందుగా గాయపడని చేతితో చూడవలెను. తరువాత తప్పక ఆసుపత్రికి పోవలెను. రొమ్మున గాని పొట్టలో గాని దిగిన ముల్లును పెరుకరాదు.

ఇక చేప మాట. పెక్కు చేపలు వేలు, లక్షలుగా గ్రుడ్లు పెట్టును. సొర అట్టిది కాదు. బాలింతలకు పిట్టు వండిపెట్టు పాలసొర ఒక్క కాన్పున ఈను పిల్లలను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. పెద్ద సొరలకు ఈడు వచ్చుటకే అనేక సంవత్సరములు పట్టును. తల్లి పోయిన లోటు త్వరగా తీరదు. అందుచేతనే తిమింగల సొరకు, రంపపు చేపకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ కలదు. 2022 నాటి సవరణ మరికొన్ని జాతులను చేర్చినది. వానిని పట్టుట, అమ్ముట నేరము.

సొరకు ప్రక్కటెముకలు లేవు. నీటిలో దాని బరువును నీరే మోయును. ఇసుకపైకి ఈడ్చినచో ఆ బరువే లోపలి అవయవములను నలుపును. కావున దీపము వెంట నుంచుకొని చేపను నీటిలోనే గుర్తింపవలెను. విడువవలసినదైనచో, గాలము ఊడనప్పుడు పెనగులాడక నోటి దగ్గర తీగెను కత్తిరించి వదలవలెను. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రములో 2019 నుండి ఇదియే నియమము. ఒడ్డునుండి సొరలకై గాలము వేయువారు అచ్చట అనుమతి పొంది, తీగె కత్తిరించు పనిముట్టును దగ్గర నుంచుకొనవలెను. రక్షిత జాతులను నీటినుండి వెలికి తీయరాదు.

"రాత్రియంతయు మేలుకొని పట్టినదానిని విడిచినచో పొయ్యిలో పిల్లి లేచునా?" అని మీరు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. పడిన ప్రతి చేపను విడువుమని మేము చెప్పుట లేదు. చట్టము కాపాడువానిని, చిన్న పిల్లలను, నిండు చూలుతో నున్నవానిని విడువుమనుచున్నాము. ఏ జాతులు రక్షితములో మత్స్యశాఖవారిని అడిగి తెలిసికొనుడు. నేడు విడిచిన తల్లిసొర రేపు మన బిడ్డల గాలమునకు చేపనిచ్చును.