గట్టు మీది నల్లేరు కుండీలోకి ఎందుకు పోయింది?

(మండల రైతు మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, కౌలు కార్డుల గురించి పొద్దుటి నుంచి మాట్లాడుకున్నాం. నేనొక తీగ గురించి చెబుతాను. నవ్వకండి.

పోయిన వేసవిలో హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. హాల్లో వేలాడే కుండీలో నల్లేరు! నర్సరీలో డబ్బులిచ్చి కొన్నదట. పట్టుకుంటే కణుపు మెత్తబడి ఊడొచ్చింది. రోజూ చెంబెడు నీళ్లు పోస్తోంది.

"ఇది వరి కాదమ్మా, నీళ్లలో నిలబడటానికి" అన్నాను.

కుళ్లింది తీసేసి, గట్టిగా ఉన్న కాడలను రెండు మూడు కణుపుల ముక్కలుగా కోసి రెండు రోజులు నీడలో ఆరబెట్టాం. కోసిన చోటు ఆరితే కుళ్లు పట్టదు. సగం ఎర్రమట్టి, సగం ఇసుక, గుప్పెడు చివికిన పశువుల ఎరువు కలిపాం. కుండీకి అడుగున చిల్లి ఉండాలి. ఒక కణుపు మట్టిలోకి పోయేలా నాటాలి. నల్లేరు నీళ్లను ఆ నాలుగు పలకల కాడలోనే దాచుకుంటుంది. అందుకే వేలు పెట్టి చూసి, లోపల మట్టి ఆరితేనే పోయాలి. చలికాలంలో ఇంకా తగ్గించాలి. వెలుతురు చాలకపోతే కాడ సన్నగా సాగుతుంది కనుక కిటికీ పక్కనే ఉంచాలి.

పచ్చి కాడ నోట్లో పెడితే దురద. లేతవి కోసి, చేతికి నూనె రాసుకుని నార తీసి, బాగా వేయించి చింతపండుతో పచ్చడి చేసుకోవాలి. విరిగిన ఎముకకు మన పెద్దలు దీన్ని వాడేవారు. మీరు మాత్రం ముందు ఆసుపత్రికే వెళ్లండి.

ఊరికొచ్చి మా గట్టు చూసుకున్నాను. నల్లేరు లేదు. ఎవరు చంపారు? నేనే. కూలి ఖర్చు భరించలేక ఐదారేళ్లుగా గట్లకు గడ్డిమందు కొట్టాను. నల్లేరు మీద బండి నడక అంటాం. బండికి ఇప్పుడు నల్లేరే కరువైంది.

గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మా దగ్గర అడిగితే డబ్బా చేతికిస్తూనే ఉన్నారు. రైతును తిడితే ఇది ఆగదు. గట్ల మీద గడ్డి తీసే పనికి ఉపాధి కూలి ఇవ్వాలి. ఈ డిమాండ్ మన తీర్మానంలో చేర్చాలని కోరుతున్నాను.

సంక్రాంతికి మా అమ్మాయి ఆ కుండీలోంచి మూడు ముక్కలు తెచ్చింది. గట్టున నాటాం, రెండు చిగురించాయి. మీరూ తలా ఒక ముక్క నాటండి. నాటిన గట్టుకు మందు ఆపండి.